అభిమానిని అడిగిందెవరు?

ఫుట్‌బాల్‌లో గోల్ అంత తేలిగ్గా పడదు. తొంభై నిమిషాల మ్యాచ్‌లో రెండో మూడో పడతాయి, ఒక్కటీ పడని మ్యాచ్‌లూ బోలెడు. అందుకే బంతి వలను తాకగానే స్టేడియం అంతా లేచి అరుస్తుంది. ముక్కూమొహం తెలియని పక్క సీటు మనిషిని కావలించుకునేంత ఆనందం అది. ఇప్పుడు ఆ ఆనందమే అభిమానికి దక్కకుండా పోతోంది. గోల్ పడగానే అతడి చూపు గోల్ కొట్టిన ఆటగాడి మీదికి పోవడం లేదు. ముందు లైన్స్‌మన్ జెండా వైపు పోతోంది, ఆ వెంటనే రిఫరీ వైపు. రిఫరీ వేలు చెవి మీదికి వెళ్లిందంటే, అంటే వీడియో చూస్తున్నవాళ్ల మాట వింటున్నాడంటే, టెన్షన్ మొదలు. నిమిషం, రెండు నిమిషాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. చివరికి గోల్ ఇచ్చినా, రెండోసారి వచ్చే అరుపులో మొదటి అరుపులోని ఊపు ఉండదు.

వేరే గదిలో కూర్చుని వీడియో చూసి రిఫరీ తప్పుల్ని సరిదిద్దే వీఏఆర్ (వీడియో అసిస్టెంట్ రిఫరీ) పద్ధతి 2018లో ఆట నిబంధనల్లోకి వచ్చింది. ఆ ఏడాదే రష్యా ప్రపంచకప్‌లో వాడారు. 2019–20 సీజన్ నుంచి ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్‌లోనూ మొదలైంది. తెచ్చేటప్పుడు చెప్పిన మాట చక్కగానే ఉంది: జోక్యం వీలైనంత తక్కువ, మేలు వీలైనంత ఎక్కువ. అందరికీ కనిపించే ఘోరమైన పొరపాట్ల జోలికే వెళ్తామన్నారు. 2009లో ఐర్లాండ్‌తో ప్రపంచకప్ అర్హత ప్లే ఆఫ్‌లో ఫ్రాన్స్ ఆటగాడు థియరీ ఆన్రీ చేత్తో బంతిని ఆపి గోల్‌కి దారి చేసిన సంగతి రిఫరీ కంట పడలేదు. ఫ్రాన్స్ ప్రపంచకప్‌కి వెళ్లింది, ఐర్లాండ్ ఇంటికి వెళ్లింది. అలాంటి అన్యాయం మళ్లీ జరగకూడదని ఎవరికి ఉండదు? అభిమానులు కూడా వీఏఆర్‌ని మొదట ఆ ఆశతోనే చూశారు.

జరిగింది వేరు. 2024 ఏప్రిల్ 21న వెంబ్లీలో ఎఫ్ఏ కప్ సెమీఫైనల్. రెండో డివిజన్ జట్టు కొవెంట్రీ సిటీ, మాంచెస్టర్ యునైటెడ్‌పై 0–3తో వెనకబడి, ఇరవై నిమిషాలు మిగిలి ఉండగా ఊపందుకుని 3–3 చేసింది. అదనపు సమయం కూడా అయిపోవస్తుండగా విక్టర్ టార్ప్ నాలుగో గోల్ కొట్టాడు. కొవెంట్రీ స్టాండ్లలో జనం ఒకరి మీద ఒకరు పడిపోయారు. ఆ క్లబ్ చరిత్రలోనే మరపురాని గోల్ కావాల్సింది. అంతలో తెర మీద గీతలు గీశారు. టార్ప్‌కి బంతి అందించిన హాజీ రైట్, తనకి పాస్ వచ్చిన క్షణంలో ఆఖరి డిఫెండర్ కంటే వెంట్రుకవాసి ముందున్నాడని, అంటే ఆఫ్‌సైడ్ అని తేల్చారు. గోల్ పోయింది, పెనాల్టీ షూటౌట్‌లో మ్యాచ్ కూడా పోయింది. నిబంధన ప్రకారం ఆ తీర్పు సరైనదే కావచ్చు. కానీ మైదానంలో ఉన్న మనిషి కంటికి కనిపించని తేడాని పట్టుకోవడం కోసమేనా వీఏఆర్‌ని తెచ్చింది?

ఇక్కడో చిక్కు ఉంది. పెనాల్టీ, రెడ్ కార్డ్ విషయాల్లో రిఫరీ స్పష్టంగా పొరబడితేనే వీడియో గది కలగజేసుకోవాలి. ఆఫ్‌సైడ్‌కి ఆ పరిమితి లేదు. అది అభిప్రాయం కాదు, వాస్తవం అంటారు కాబట్టి కాలి బొటనవేలు ముందున్నా ఆఫ్‌సైడే. మరి ఆ వాస్తవం ఎంత గట్టిది? మామూలు ప్రసార కెమెరా సెకనుకి 50 ఫ్రేములు తీస్తుందనుకుందాం. సెకనుకి తొమ్మిది మీటర్ల వేగంతో పరిగెత్తే ఫార్వర్డ్ ఒక ఫ్రేముకీ ఇంకో ఫ్రేముకీ మధ్య 18 సెంటీమీటర్లు కదులుతాడు. పాస్ ఇచ్చినవాడి కాలు బంతిని తాకింది ఏ ఫ్రేములో అన్నది ఎంచుకోవడంలోనే ఆ తేడా వచ్చేస్తుంది. అలాంటప్పుడు సెంటీమీటరు లెక్కన గీత గీసి గోల్ రద్దు చేయడం న్యాయమెలా అవుతుంది? 2022 ప్రపంచకప్‌లో బంతిలోపల సెకనుకి 500 సార్లు కదలికని నమోదు చేసే సెన్సర్ పెట్టి ఈ లోపాన్ని చాలావరకు తగ్గించారు. సగం ఆటోమేటిక్‌గా పనిచేసే ఆఫ్‌సైడ్ పద్ధతి 2025 ఏప్రిల్‌లో ప్రీమియర్ లీగ్‌కీ వచ్చింది. మంచిదే. కానీ అంతకుముందు ఆరేళ్లపాటు గీతల పేరుతో పోయిన గోల్స్‌కి జవాబు చెప్పేదెవరు?

టెక్నాలజీ అంటేనే అభిమానులకి పడదని కొందరు అధికారులు అంటుంటారు. ఇది నిజం కాదు. బంతి గోల్ గీత దాటిందో లేదో చెప్పే గోల్‌లైన్ టెక్నాలజీ మీద ఎవరైనా పేచీ పెట్టారా? 2010 ప్రపంచకప్‌లో జర్మనీపై ఫ్రాంక్ లాంపార్డ్ కొట్టిన బంతి గీత దాటి చాలా లోపల పడినా గోల్ ఇవ్వలేదు. ఆ రోజు రేగిన గొడవే ఈ టెక్నాలజీకి దారి తీసింది. బంతి దాటితే సెకను లోపే రిఫరీ వాచీ మోగుతుంది. ఆట ఆగదు, అరుపు ఆగదు. అభిమానికి కావాల్సింది ఇలాంటిదే. అతడు వద్దంటున్నది యంత్రాన్ని కాదు, ఎదురుచూపుని. ఏం జరుగుతోందో చెప్పకుండా కూర్చోబెట్టడాన్ని.

ఆ చెప్పకపోవడం ఎంత దూరం వెళ్తుందో 2023 సెప్టెంబర్ 30న తేలిపోయింది. టాటెన్‌హామ్‌పై లివర్‌పూల్ ఆటగాడు లూయిస్ దియాజ్ గోల్ కొడితే లైన్స్‌మన్ ఆఫ్‌సైడ్ జెండా ఎత్తాడు. నిజానికి అది ఆఫ్‌సైడ్ కాదు. వీడియో గదిలో ఉన్నవాళ్లు మైదానంలో గోల్ ఇచ్చేశారనుకుని, అంతా సరిగ్గానే ఉంది, చూడటం అయిపోయింది అన్నారు. గోల్ లేకుండానే ఆట మళ్లీ మొదలైంది. తప్పు తెలిసేసరికి వెనక్కి వెళ్లడానికి నిబంధన ఒప్పుకోదు. ఆ గదిలో నడిచిన మాటలు కొద్ది రోజుల తర్వాత బయటపెట్టారు. స్టేడియంలో ఉన్నవాళ్లకి మాత్రం ఆ క్షణంలో ఒక్క ముక్కా తెలియలేదు. డబ్బులిచ్చి, దూరం వచ్చి మ్యాచ్ చూస్తున్న మనిషికి ఇంట్లో టీవీ చూసేవాళ్లకంటే తక్కువ తెలుస్తోంది. రిఫరీ మైకు పట్టుకుని నిర్ణయాన్ని అందరికీ చెప్పే పద్ధతి 2023 మహిళల ప్రపంచకప్‌లోనే చూశాం. ప్రీమియర్ లీగ్‌కి అది రావడానికి 2025–26 సీజన్ దాకా పట్టింది. అది కూడా నిర్ణయం వరకే. వీడియో గదిలో ఏం మాట్లాడుకుంటున్నారో వినే హక్కు స్టాండ్‌లో ఉన్నవాడికి ఇప్పటికీ లేదు.

వీఏఆర్‌ని తీసేయాలని వుల్వర్‌హాంప్టన్ క్లబ్ ప్రతిపాదిస్తే 2024 జూన్‌లో ప్రీమియర్ లీగ్ క్లబ్బులు 19–1తో తిరస్కరించాయి. ఓటు వేసింది యజమానులు. స్వీడన్‌లో లెక్క వేరు. అక్కడ క్లబ్బుల్లో సగానికి పైగా ఓట్లు సభ్యుల చేతిలోనే ఉండాలి. ఆ సభ్యులు అభిమానులే. వాళ్లు వద్దన్నారు, క్లబ్బులు వద్దన్నాయి, స్వీడన్ లీగ్‌కి వీఏఆర్ రాలేదు. వీఏఆర్‌ని పూర్తిగా తీసేయాలని మేం అనడం లేదు. అడగాల్సిన వాళ్లని అడిగితే జవాబు వేరేగా వస్తుందనడానికి స్వీడన్ రుజువు.

హ్యాండ్‌బాల్ నిబంధన సంగతి చెప్పనక్కర్లేదు. 2019లో మార్చారు, 2021లో మళ్లీ మార్చారు. చేయి ఎక్కడుంటే సహజం, ఎక్కడుంటే అసహజం అన్నది వారం వారం మారుతున్నట్టుంది. దశాబ్దాలుగా ఆట చూస్తున్నవాళ్లు కూడా పక్కన కూర్చున్న పిల్లలకి విడమరిచి చెప్పలేకపోతున్నారు.

టైమ్ వేస్ట్ చేయడం మీద మాత్రం ఒక మంచి మార్పు వచ్చిందని ఒప్పుకోవాలి. తొంభై నిమిషాల మ్యాచ్‌లో బంతి నిజంగా ఆటలో ఉండేది అరవై నిమిషాల లోపే. 2022 ఖతార్ ప్రపంచకప్‌లో పోయిన సమయాన్ని గట్టిగా లెక్కగట్టారు. ఇంగ్లండ్, ఇరాన్ మ్యాచ్‌లో రెండు సగాలకీ కలిపి పాతిక నిమిషాలకి పైగా చేర్చారు. ఆ పట్టుదల లీగుల్లో ఎక్కువ కాలం నిలవలేదు. 2025 జులై నుంచి గోల్‌కీపర్ బంతిని ఎనిమిది సెకన్లకంటే ఎక్కువ పట్టుకుంటే ఎదుటి జట్టుకి కార్నర్ ఇస్తున్నారు. చివరి ఐదు సెకన్లూ రిఫరీ చెయ్యెత్తి వేళ్లతో లెక్కపెడతాడు. ఆ లెక్క పై వరుసలో ఉన్నవాళ్లకీ కనిపిస్తుంది. నిబంధన అంటే ఇలా ఉండాలి.

ఇక అభిమానిని అన్నిటికంటే ఎక్కువ కాల్చుకు తింటున్నది మ్యాచ్ వేళలు. సీజన్ మొదట్లో తేదీలు ప్రకటిస్తారు. తర్వాత టీవీ కంపెనీల కోసం శనివారం మ్యాచ్ ఆదివారానికి, ఆదివారం మ్యాచ్ సోమవారం రాత్రికి జరుగుతుంది. ముందే కొన్న రైలు టికెట్ వృథా, పెట్టిన సెలవు వృథా. రాత్రి పదింటికి మ్యాచ్ అయ్యాక వందల కిలోమీటర్ల దూరంలోని ఊరికి వెళ్లే రైలు ఉండదు. మర్నాడు పొద్దున్నే ఉద్యోగం. ఇవేవీ షెడ్యూల్ వేసేవాళ్ల లెక్కలో లేవు. 2023లో వుల్వర్‌హాంప్టన్, చెల్సీ మ్యాచ్‌ని క్రిస్మస్ ముందురోజైన డిసెంబర్ 24న పెట్టారు. 1995 తర్వాత ప్రీమియర్ లీగ్‌లో ఆ రోజున మ్యాచ్ జరగడం అదే మొదటిసారి. అభిమాన సంఘాలు వద్దు మొర్రో అన్నా వినలేదు. ఇంగ్లండ్‌లో 2025 నుంచి నాలుగేళ్ల టీవీ హక్కులు 670 కోట్ల పౌండ్లకి అమ్ముడయ్యాయి. అంత డబ్బిచ్చినవాళ్ల మాట చెల్లుతుంది నిజమే. కానీ వాళ్లు కొంటున్న సరుకులో సగం విలువ ఆ స్టాండ్లలో పాడే జనానిదే. ఖాళీ స్టేడియాల్లో ఆట ఎంత పేలవంగా ఉంటుందో కరోనా కాలంలో ప్రపంచమంతా చూసింది.

జర్మనీ అభిమానులు ఈ విషయంలో దారి చూపారు. 2018 ఫిబ్రవరిలో డార్ట్‌మండ్, ఆగ్స్‌బర్గ్ మ్యాచ్‌ని సోమవారం రాత్రి పెడితే 81 వేలు పట్టే స్టేడియానికి దాదాపు 54 వేల మందే వచ్చారు. నిత్యం కిక్కిరిసి ఉండే స్టాండ్‌లో ఖాళీలు టీవీలో కొట్టొచ్చినట్టు కనిపించాయి. 2021–22 నుంచి జర్మనీ లీగ్ అయిన బుండెస్‌లీగాలో సోమవారం మ్యాచ్‌లు ఎత్తేశారు. లీగ్ టీవీ ఆదాయంలో వాటాని పెట్టుబడిదారులకి అమ్మాలని చూసినప్పుడు అభిమానులు వారాల తరబడి మైదానంలోకి టెన్నిస్ బంతులు విసిరి ఆటని ఆపారు. 2024 ఫిబ్రవరిలో లీగ్ ఆ ఆలోచనని విరమించుకుంది.

టికెట్ ధర దగ్గరా ఇదే కథ. 2016 ఫిబ్రవరి 6న లివర్‌పూల్ అభిమానులు 77 పౌండ్ల టికెట్‌కి నిరసనగా 77వ నిమిషంలో వేలాదిగా లేచి వెళ్లిపోయారు. అప్పటికి జట్టు 2–0తో ముందుంది, మ్యాచ్ 2–2తో ముగిసింది. కొద్ది రోజుల్లోనే యజమానులు క్షమాపణ చెప్పి ధర తగ్గించారు. ఆ ఏడాదే ప్రీమియర్ లీగ్‌లో ఎదుటి జట్టు స్టేడియానికి వెళ్లి చూసే బయటి అభిమానుల టికెట్‌కి 30 పౌండ్ల గరిష్ఠ పరిమితి వచ్చింది. అది ఇప్పటికీ నిలిచి ఉంది. సొంత జట్టు అభిమానికి మాత్రం అలాంటి రక్షణ లేదు. 2024 చివర్లో మాంచెస్టర్ యునైటెడ్ సీజన్ మధ్యలో, ఇంకా అమ్ముడుపోని సభ్యుల టికెట్లన్నీ 66 పౌండ్లు చేసింది. పిల్లలకీ వృద్ధులకీ తగ్గింపు లేదు. తాతతో కలిసి మ్యాచ్‌కి వచ్చే పిల్లాడే రేపటి సీజన్ టికెట్‌దారు. వాడిని గేటు బయట నిలబెట్టి ఏ క్లబ్ బాగుపడుతుంది?

2026 ప్రపంచకప్ దగ్గర ఇది హద్దు దాటింది. 48 జట్లు, 104 మ్యాచ్‌లు, గిరాకీని బట్టి మారే టికెట్ ధరలు. ఆతిథ్యం కోరిన పత్రాల్లో 21 డాలర్ల టికెట్లు ఉంటాయన్నారు. చివరికి జట్టు వెంట వెళ్లే నిఖార్సైన అభిమానులకి కూడా వందల్లో, ఫైనల్‌కైతే వేలల్లో ధర పెట్టారు. యూరప్ అభిమానుల సమాఖ్య దాన్ని నమ్మకద్రోహమంది. 2025 డిసెంబర్‌లో ఆ గోల రేగాక ప్రతి మ్యాచ్‌కీ 60 డాలర్ల టికెట్లు కొన్ని పెడతామని ఫిఫా ప్రకటించింది. కొన్నే. అడిగేదాకా ఆ కొన్నీ లేవు.

2021 ఏప్రిల్ 18న యూరప్‌లోని పన్నెండు పెద్ద క్లబ్బులు తమకంటూ వేరే సూపర్ లీగ్ పెడుతున్నామంటే రెండు రోజుల్లో ఆరు ఇంగ్లిష్ క్లబ్బులూ వెనక్కి తగ్గాయి. చెల్సీ స్టేడియం ముందు రోడ్డు మీద నిలబడి టీమ్ బస్సుని ఆపిన అభిమానులే ముందు నిలిచారు. ఆ తర్వాత ఇంగ్లండ్‌లో సమీక్ష జరిగి 2025లో ఫుట్‌బాల్ పాలన చట్టం, క్లబ్బుల డబ్బు వ్యవహారాల్ని చూసే స్వతంత్ర నియంత్రణ సంస్థ వచ్చాయి. 1894 నుంచి లీగ్‌లో ఆడుతున్న బరీ క్లబ్ 2019లో డబ్బు లేక లీగ్ నుంచి బయటికి పోయినప్పుడే ఆ చట్టం ఉండి ఉంటే ఎంత బాగుండేది.

మేం అడుగుతున్నవి అసాధ్యమైనవేం కావు. వీఏఆర్ పరిశీలనకి నిమిషం గడువు పెట్టండి. అప్పటికీ తేలకపోతే మైదానంలో రిఫరీ ఇచ్చిన నిర్ణయమే ఉండాలి. దాడి చేసే ఆటగాడి శరీరంలో గోల్ కొట్టగల ఏ భాగం డిఫెండర్‌తో సమానంగా ఉన్నా ఆఫ్‌సైడ్ కాదనాలన్నది ఆర్సెనల్ మాజీ కోచ్ ఆర్సెన్ వెంగర్ సూచన. దాంతో గోల్స్ పెరగొచ్చు, కానీ గీత ఇంకో చోటికి జరుగుతుంది తప్ప వెంట్రుకవాసి గొడవ పోదు. గడువు పెడితేనే పోతుంది. వీడియో గదిలోని మాటలు స్టేడియంలో అందరికీ వినిపించాలి. మ్యాచ్ తేదీ మార్చాలంటే కనీసం ఆరు వారాల ముందు చెప్పాలి, ఆఖరి రైలు వెళ్లేలోపు మ్యాచ్ ముగియాలి. బయటి అభిమానికి ఉన్న గరిష్ఠ ధర సొంత అభిమానికీ ఉండాలి.

ఆట నిబంధనలు రాసేది 1886లో పుట్టిన అంతర్జాతీయ ఫుట్‌బాల్ అసోసియేషన్ బోర్డు. అందులో నాలుగు బ్రిటిష్ సంఘాలకి తలో ఓటు, ఫిఫాకి నాలుగు ఓట్లు. ఏ మార్పుకైనా ఎనిమిదింట ఆరు కావాలి. సలహా ఇవ్వడానికి మాజీ ఆటగాళ్లు, కోచ్‌లు, రిఫరీలతో బృందాలున్నాయి. ఓటు హక్కు ఇవ్వకపోయినా ఆ సలహా బృందాల్లో అభిమాన సంఘాల ప్రతినిధుల్ని కూర్చోబెట్టడానికి అడ్డేమీ లేదు. బోర్డు ఏటా సమావేశమవుతుంది. వచ్చే సమావేశం ఎజెండాలో ఈ అంశం చేర్చాలి.