టు తర్వాత ఇంగ్ రాకూడదని ఎవరు చెప్పారండీ

ఈ వారంలో ఆ మెసేజ్ నాకు ఐదుసార్లు వచ్చింది. ఇంటర్ బ్యాచ్ గ్రూపులో ఒకసారి, అపార్ట్‌మెంట్ గ్రూపులో రెండుసార్లు, మా బావ విడిగా ఒకసారి, ఇవాళ పొద్దున్నే మా పిన్ని. "మెయిల్స్‌లో మీ పరువు తీసే తప్పులు" అని పైన ఎర్రక్షరాలు, కింద నాలుగు పాయింట్లు, నాలుగూ లుకింగ్ ఫార్వర్డ్ టు, అంటే ఎదురుచూస్తున్నా అనే మాట మీదే. పంపినవాళ్ళలో ఒక్కళ్ళైనా ఆగి చదివినట్టు లేరు, అందుకే ఇంత రాస్తున్నా.

చిన్నవి ముందు తేల్చేద్దాం. ఐ లుక్ ఫార్వర్డ్ అనేది పాతకాలందంట, ఐ యామ్ లుకింగ్ ఫార్వర్డ్ అనే రాయాలంట. రెండూ రైటే. ఆఫీసు లెటర్‌కి మొదటిది కాస్త మర్యాదగా ఉంటుంది, బాగా తెలిసినవాళ్ళకి రెండోది, అంతే తేడా. ఇంకోటి, స్పెల్లింగ్ ఎఫ్ ఓ ఆర్ ఈ తో మొదలవ్వాలంట. ఎఫ్ ఓ ఆర్ ఈ తో మొదలయ్యేది ఫోర్‌వర్డ్, పుస్తకానికి రాసే ముందుమాట. స్పెల్లింగే సరిచూసుకోనివాడు ఊరందరికీ పాఠం చెప్పడమేంటి?

నాకు మండింది మాత్రం మొదటి పాయింటుకి. "టు తర్వాత ఎప్పుడూ వి1 రావాలి, కాబట్టి టు మీటింగ్ యు తప్పు, టు మీట్ యు కరెక్ట్" అంట. వి1 అంటే మీట్, జాయిన్ లాంటి వెర్బ్ మొదటి రూపం. పూర్తిగా తలకిందులు! ఐ వాంట్ టు మీట్ యు లో టు వెర్బ్‌కి చెందింది, అక్కడ వి1 రైటే. లుకింగ్ ఫార్వర్డ్ టు లో మాత్రం టు ప్రిపొజిషన్, దాని తర్వాత నౌన్ రావాలి. లుకింగ్ ఫార్వర్డ్ టు సంక్రాంతి అంటాం కదా, ఆ సంక్రాంతి కూర్చున్న చోటే మీటింగ్ కూర్చుంటుంది. తెలుగులోనే చూసుకోండి, "మిమ్మల్ని కలవడం కోసం ఎదురుచూస్తున్నా" అంటాం, "కలువు కోసం" అని ఎవరైనా అంటారా? మనకి కలవడం ఎలాగో వాళ్ళకి మీటింగ్ అలాగ. ఇంకా డౌటుంటే టు తర్వాత ఇట్ పెట్టి చూడండి. లుకింగ్ ఫార్వర్డ్ టు ఇట్, కుదిరింది, అయితే వెర్బ్‌కి ఇంగ్ పెట్టాల్సిందే. వాంట్ టు ఇట్, కుదరలేదు, అక్కడ వి1.

ఇదేదో అక్షరం గొడవ అనుకోకండి. మొన్న బ్రాడీపేటలో మా పక్కింటివాళ్ళ అమ్మాయి, బీటెక్ థర్డ్ ఇయర్, ఇంటర్న్‌షిప్‌కి మెయిల్ రాసుకుని పంపేముందు ఒకసారి చూడమని ఫోన్ నా చేతికిచ్చింది. చివరి లైన్‌లో టు జాయిన్ అని ఉంది. ఏంటమ్మా ఇది అంటే, "మొదట జాయినింగ్ అనే రాశానాంటీ, గ్రూపులో ఆ మెసేజ్ చూసి ఇంగ్ తీసేశా" అంది. సరిగ్గా రాసిన పిల్ల చేత తప్పు రాయించారు! అదే రూల్ పట్టుకుని రేపు ఇంటర్వ్యూలో నైట్ షిఫ్ట్ నాకు అలవాటే అని చెప్పాలంటే ఏం చేస్తుంది? ఐ యామ్ యూజ్డ్ టు వర్కింగ్ నైట్స్ అనాలి, ఇంగ్‌కి భయపడి ఐ యూజ్డ్ టు వర్క్ నైట్స్ అందంటే "ఒకప్పుడు చేసేదాన్ని, ఇప్పుడు చేయట్లేదు" అని అర్థం, చెప్పాలనుకున్నదానికి పూర్తిగా వేరే. ఆబ్జెక్ట్ టు, కమిటెడ్ టు, వీటి తర్వాత కూడా ఇంగే. కాపీ కొట్టి పంపేవాళ్ళకి పోయేదేం లేదు, పోయేది ఆ పిల్లకి.

నాలుగో పాయింట్ మాత్రం ఒప్పుకుంటున్నా. వెయిటింగ్ ఫర్ యువర్ రిప్లై అని ముగిస్తే అవతలివాళ్ళని తొందరపెట్టినట్టు ఉంటుంది, లుకింగ్ ఫార్వర్డ్ టు యువర్ రిప్లై మెత్తగా ఉంటుంది అన్నారు. నిజమే. నేనూ ఇన్నేళ్ళూ వెయిటింగ్ అనే రాశాను, ఇకనించి మారుస్తా. పిన్నీ, బావా, ఆ ఒక్కటీ ఉంచి మిగతా మూడూ తీసేసి పంపండి, మన గ్రూపులన్నిట్లో నేనే ముందు పెడతా.