తెర మీద ఏది ఎక్కడుందో చూపు లేనివాళ్లకీ తెలియాలి

గోదావరికి వరద వస్తోందంటే కోనసీమ లంకల్లో అందరి చూపూ ఫోన్ మీదే. భద్రాచలంలో ఎంతుంది, ధవళేశ్వరంలో ఎంతుంది, దిగువకి ఎంత వదిలారు అని గంటగంటకీ చూసుకుంటాం. ఆ వివరాలు చాలాసార్లు పట్టికగా వస్తాయి. ధవళేశ్వరం వరసలో 11.75, 13.75, 17.75 ఉన్నాయనుకోండి. అవి మొదటి, రెండో, మూడో ప్రమాద హెచ్చరికల మట్టాలు, అడుగుల్లో. ఆ పక్క గడిలో ఇప్పటి నీటిమట్టం. చూపున్నవాళ్లు పైనున్న శీర్షికనీ, పక్కనున్న ఊరిపేరునీ ఒక్క చూపులో కలుపుకుని సంగతి గ్రహిస్తారు. పట్టికను సరిగ్గా తయారు చెయ్యకపోతే, స్క్రీన్ రీడర్‌తో, అంటే తెర మీదున్నది చదివి వినిపించే ప్రోగ్రామ్‌తో, వినేవాళ్లకి దక్కేది నాలుగు అంకెలు, అంతే. వాటిలో ఏది హెచ్చరిక, ఏది ఇప్పుడున్న నీళ్లు? సామాన్లు సర్దుకోవాలా వద్దా అన్నది ఆ తేడా మీదే ఉంటుంది. అదే పట్టికని ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడితే చాలా ఫోన్లలో ఆ అంకెలైనా వినపడవు.

అంధులకి విషయం వినిపిస్తే చాలు కదా, తెర ఎలా ఉందో ఎందుకు అని అడిగేవాళ్లున్నారు. కథకీ, వార్తకీ, ఉత్తరానికీ అది సరిపోతుంది. పట్టికకి, దరఖాస్తు ఫారానికి సరిపోదు. అక్కడ ఏది దేని పక్కన ఉందన్నదే సగం అర్థం. స్క్రీన్ రీడర్ చదివేది కంటికి కనిపించే వరసని కాదు, వెనక కోడ్‌లో రాసిన వరసని. తెర మీద పక్కపక్కనే ఉన్న పేరూ, దాన్ని నింపాల్సిన గడీ కోడ్‌లో దూరదూరంగా ఉంటే, వినేవాళ్లకి ఆ రెంటికీ సంబంధం ఉందని తెలిసే దారే లేదు.

ఇంకో కారణం ఉంది, నా దృష్టిలో ఇదే పెద్దది. కంప్యూటర్ పని ఎవరూ ఒంటరిగా చేసుకోరు. అమలాపురంలో చదువుకుంటున్న, చూపు లేని అక్క ఫీజు కట్టడానికి కూర్చుని, రాజోలులో ఉన్న తమ్ముడికి ఫోన్ చేస్తుంది.

"పైన కుడి మూల పచ్చ బటన్ ఉందిగా అక్కా, అది నొక్కు."

"దాని పేరేంట్రా?"

"పేరేం లేదక్కా, బాణం గుర్తుందంతే."

పేరు పెట్టని బటన్ దగ్గరికి వచ్చినప్పుడు స్క్రీన్ రీడర్ "బటన్" అని ఊరుకుంటుంది. అలాంటివి ఆ పేజీలో అరడజను ఉంటే తమ్ముడు చెప్పిన కుడి మూలది ఏదో అక్కకి తెలియదు. ఆమె వింటున్న వరసేమిటో తమ్ముడికి తెలియదు. ఇద్దరికీ తెలివి ఉంది, ఓపిక ఉంది. మాట్లాడుకోవడానికి ఉమ్మడి గుర్తే లేదు.

సాంకేతికంగా ప్రయత్నాలు జరగలేదని కాదు. ఆస్ట్రేలియాలో 2006లో మైకేల్ కరన్ మొదలుపెట్టిన ఎన్‌వీడీఏ ఉచితంగా దొరికే స్క్రీన్ రీడర్. అందులో మౌస్ కదిపినప్పుడు బీప్ వినిపించే ఏర్పాటుంది. పైకి వెళ్తే స్వరం హెచ్చుతుంది, పక్కకి జరిపితే శబ్దం ఆ వైపు చెవిలోకి జరుగుతుంది. ఒక వస్తువు తెర ఎడమ అంచుకి, పై అంచుకి ఎంత శాతం దూరంలో ఉందో చెప్పించుకోవచ్చు కూడా. మంచివే, కానీ రోజువారీ పనికి ఇవి చాలవు. మన డెల్టాలో దారి అడిగితే ఎవరూ అక్షాంశాలు, రేఖాంశాలు చెప్పరు. లాకులు దాటాక ఎడమ గట్టు మీద రామాలయం, దాని వెనక సందు అంటారు. తెర గురించి కూడా అలాగే చెప్పాలి: ఈ బటన్ ఏ భాగంలో ఉంది, దాని పైన ఏముంది, పక్కన ఏముంది. అదీ అడిగినప్పుడే చెప్పాలి. ప్రతి మాటకీ చోటు చెబుతూ పోతే వినేవాళ్లకి తలనొప్పి.

ఆశ్చర్యంగా, ఈ విషయంలో కంప్యూటర్ కన్నా ఫోనే మేలు. 2009లో ఐఫోన్ 3జీఎస్‌లో వాయిస్‌ఓవర్ అనే స్క్రీన్ రీడర్, ఆ తర్వాత ఆండ్రాయిడ్‌లో టాక్‌బ్యాక్ తెర మీద వేలు ఎక్కడ పెడితే అక్కడున్నది పలికేలా చేశాయి. వెనక్కి వెళ్లే బటన్ పైన ఎడమ మూల ఉందని వేలికే గుర్తుండిపోతుంది. అయినా చాలామందికి పక్కకి స్వైప్ చేసుకుంటూ ఒక్కొక్కటీ వినడమే నేర్పుతున్నారు. అది తప్పు కాదు గానీ సగం చదువే. నేర్పేవాళ్లు మొదటి వారంలోనే తెరని చేతికి చూపించాలి. మన దగ్గర కొబ్బరి పీచు తాడుకి కొరత లేదు. అట్టముక్క మీద దాన్ని అంటించి పై పట్టీ, ఎడమ మెనూ, మధ్య పేజీ, కింద టాస్క్‌బార్ గళ్లు కట్టి తడమనిస్తే, ఆ తర్వాత చెప్పే ప్రతి షార్ట్‌కట్‌కీ ఒక చోటు ఏర్పడుతుంది.

వెబ్‌సైట్లు కట్టేవాళ్ల బాధ్యత దీనితో తీరదు. ఆకారం, రంగు, చోటు మాత్రమే చెప్పి సూచనలు ఇవ్వకూడదని వెబ్ ప్రమాణాలు ఏనాటినుంచో చెబుతున్నాయి. చోటు చెప్పొద్దని కాదు, పేరు కూడా చెప్పమని. పట్టికలో శీర్షిక గడిని శీర్షిక అని కోడ్‌లో గుర్తు పెడితే ఎన్‌వీడీఏలో కంట్రోల్, ఆల్ట్ పట్టుకుని బాణం మీటలు నొక్కినప్పుడు "రెండో ప్రమాద హెచ్చరిక, 13.75" అని వినిపిస్తుంది. దీనికి పైసా ఖర్చు లేదు. డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న చెప్పింది కాబట్టి, దీన్ని ఎవరో చేసే దయగా చూడనక్కర్లేదు.

పట్టిక సంగతి ఇలా తేలుతుంది గానీ మ్యాప్ సంగతి తేలదు. ముంపు మ్యాప్‌లో ఏ లంక గౌతమి వైపు ఉంది, ఏది వైనతేయ వైపు, గట్టెక్కడానికి దగ్గర రేవు ఏది అన్నది ఊళ్ల జాబితా చదివితే బుర్రకెక్కదు. చుక్కలు లేచి బొమ్మ కట్టే బ్రెయిలీ పలకలు వచ్చాయి, వాటి ధర మన ఇళ్లకి అందదు. జిల్లా యంత్రాంగం వరదలకి ముందు మండలానికొక ఉబ్బెత్తు మ్యాప్ కాగితం మీద అచ్చువేయించి గ్రామ సచివాలయాల్లో పెట్టొచ్చు. నదీపాయలు ఏటేటా మారేవి కావు, ఒకసారి చేసిన అచ్చు ఏళ్ల తరబడి పనికొస్తుంది. జూలైలో వరద మొదలయ్యేలోగా ఒక్క లంక మండలంలోనైనా ఈ పని చేసి, చూపు లేనివాళ్ల చేతికిచ్చి, ఎక్కడ అర్థం కావట్లేదో వాళ్లనే అడగాలి.