సరుకుల నౌక సంగతేమిటి?

1979 జులైలో స్కైలాబ్ నెత్తిన పడుతుందేమోనన్న భయంతో తెలుగు పల్లెలు వణికిపోయాయి. ఎలాగూ పోతాం కదా అని మేకల్ని, కోళ్లను కోసుకు తిన్న కథలు పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతుంటారు. జులై 11న ఆ అమెరికా అంతరిక్ష కేంద్రం ముక్కలై హిందూ మహాసముద్రంలో, పశ్చిమ ఆస్ట్రేలియాలో రాలింది. సూర్యుడి ఉద్ధృతికి పై వాతావరణం ఉబ్బి, దాన్ని అనుకున్న దానికంటే ముందే కిందికి లాగేసింది. తిరిగి పైకి తోయడానికి అప్పటికి వాహనమే సిద్ధంగా లేదు.

సరిగ్గా అదే సమయంలో సోవియట్ సల్యూత్-6 అంతరిక్ష కేంద్రంలో ల్యాఖోవ్, ర్యూమిన్ అనే ఇద్దరు వ్యోమగాములు తమ పని తాము చేసుకుంటున్నారు. మొత్తం 175 రోజులు అక్కడే ఉన్నారు. మార్చి నుంచి జూన్ లోపు మనుషుల్లేని ప్రోగ్రెస్ నౌకలు మూడు వెళ్లి వారికి తిండి, ఇంధనం, పరికరాలు అందించాయి. అంతకుముందు సల్యూత్ కేంద్రాలకు నౌకలు అతుక్కునే ద్వారం ఒక్కటే ఉండేది, అందులో వ్యోమగాములు వచ్చిన నౌకే ఉండేది. మోసుకెళ్లిన సరుకు అయిపోతే కాపురం ముగిసినట్టే. సల్యూత్-6కు రెండో ద్వారం పెట్టి, 1978 జనవరిలో తొలి ప్రోగ్రెస్‌ను సుమారు 2.3 టన్నుల సరుకుతో పంపాకే అంతరిక్షంలో మూడు నెలలకు మించి బతకడం సాధ్యమైంది.

ఈ చరిత్రను ఇప్పుడు గుర్తుచేయడానికి కారణం ఉంది. మన దేశం 2028లో సొంత అంతరిక్ష కేంద్రం తొలి భాగాన్ని (మాడ్యూల్‌ను) పంపి, 2035 నాటికి పూర్తి చేయాలనుకుంటోంది. కేంద్రం గురించి, వెళ్లబోయే వ్యోమగాముల గురించి ఎంతో ఉత్సాహంగా మాట్లాడుకుంటున్నాం. సరుకులు ఎవరు మోస్తారన్న మాట మాత్రం చర్చలో పెద్దగా వినిపించడం లేదు. ఇది మాకు ఆందోళన కలిగిస్తోంది.

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో మూత్రం, చెమట, గాలిలోని తేమ నుంచి 98 శాతం నీటిని తిరిగి రాబట్టగలుగుతున్నారు. అయినా సరుకుల నౌకలు ఆగలేదు. తిండి భూమి నుంచే వెళ్లాలి. పాడైన పంపు స్థానంలో కొత్తది రావాలి. 400 కిలోమీటర్ల ఎత్తులో కూడా పలుచని గాలి కేంద్రాన్ని నిత్యం కిందికి లాగుతుంటుంది కాబట్టి, వచ్చిన నౌకే తన ఇంజిన్‌తో దాన్ని పైకి తోస్తుంది. వెళ్లేటప్పుడు చాలా నౌకలు చెత్తను నింపుకొని వాతావరణంలో కాలిపోతాయి.

ఒక్క దారినే నమ్ముకోవడమూ ప్రమాదమే. 2014 అక్టోబర్‌లో అమెరికా సరుకుల నౌక సిగ్నస్‌ను మోస్తున్న రాకెట్ పైకి లేచిన కాసేపటికే పేలిపోయింది. 2015 ఏప్రిల్‌లో ఒక ప్రోగ్రెస్ అదుపు తప్పింది. జూన్‌లో మరో అమెరికా నౌక డ్రాగన్ గాల్లోనే ముక్కలైంది. ఎనిమిది నెలల్లో మూడు నౌకలు పోయినా కేంద్రం ఖాళీ కాలేదంటే, కొన్ని నెలలకు సరిపడా నిల్వలు ఉండటం, జులైలో మరో ప్రోగ్రెస్ చేరుకోవడం, జపాన్ నౌక కూడా అందుబాటులో ఉండటమే కారణం. ఏదో ఒక్క నౌక మీదే ఆధారపడి ఉంటే ఆ టెన్షన్ ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు.

కేంద్రానికి అతుక్కోవడం కూడా చిన్న పని కాదు. 1997 జూన్ 25న చేతితో నడిపే పద్ధతిని పరీక్షిస్తుండగా ఒక ప్రోగ్రెస్ వెళ్లి రష్యా అంతరిక్ష కేంద్రం మిర్‌ను ఢీకొట్టింది. అందులోని స్పెక్టర్ అనే మాడ్యూల్‌కు చిల్లు పడి గాలి బయటికి పోతుంటే, లోపలున్న ముగ్గురూ అడ్డొచ్చిన కేబుళ్లను తప్పించి, దాని ద్వారం మూసి ప్రాణాలు కాపాడుకున్నారు.

మనం మొదటి మెట్టు ఎక్కేశాం. శ్రీహరికోట నుంచి 2024 డిసెంబర్ 30న వెళ్లిన స్పేడెక్స్ ఉపగ్రహాలు రెండూ జనవరి 16న కక్ష్యలో ఒకదానికొకటి అతుక్కున్నాయి. ఇది సాధించిన నాలుగో దేశం మనది. ఆ ఘనతను తక్కువ చేయడం లేదు. కానీ అవి ఒక్కొక్కటి 220 కిలోల బరువున్నవి. టన్నుల కొద్దీ సరుకుతో, ఇంధనం నింపే గొట్టాలతో, ఏటా ఎన్నోసార్లు వెళ్లాల్సిన నౌక వేరే లెక్క.

అందుకే సరుకుల నౌకను అంతరిక్ష కేంద్రానికి అనుబంధంగా కాక, ప్రత్యేక బడ్జెట్, ప్రత్యేక గడువు ఉన్న పథకంగా ప్రభుత్వం ప్రకటించాలి. వ్యోమగాములు ఎక్కువ కాలం ఉండే యాత్రలకు ముందే దాన్ని కనీసం రెండుసార్లు ఖాళీ కేంద్రానికి పంపి పరీక్షించాలి. అవసరమైతే ఇతర దేశాల నౌకలు కూడా వచ్చి అతుక్కునేలా ద్వారాలను అంతర్జాతీయ ప్రమాణాలతో కట్టాలి. తొలి మాడ్యూల్ గడువు ఎంతో దూరంలో లేదు.