జిల్లా అభివృద్ధికి జీడిపప్పు బూస్టర్

శ్రీకాకుళం జిల్లా ఎందుకు వెనకబడిందో చెప్పినవాళ్లకి లెక్కలేదు. వలసలన్నారు, తుపాన్లన్నారు, వంశధార నీళ్లన్నారు. ఎన్నికలొచ్చినప్పుడల్లా ఈ జాబితాని దుమ్ము దులిపి మళ్లీ చదువుతారు. అసలు కారణం వీటిలో ఏదీ కాదు. మనం సరుకు చూపించి అమ్ముతాం. అదే మన కొంప ముంచింది.

నమ్మకం లేకపోతే కాశీబుగ్గలో ఏ జీడిపప్పు కొట్టుకైనా వెళ్లండి. కూర్చోగానే షావుకారు పళ్లాలు ముందు పెడతాడు. ఇవి గుళ్లు, ఇవి బద్దలు, ఇవి ముక్కలు, ఇది నూక. గుళ్లలో మళ్లీ 180, 210, 240, 320 అని నంబర్లు. ఆ నంబరు వెనక రహస్యమేమీ లేదు, ఒక పౌనుకి ఎన్ని గుళ్లు తూగుతాయో అదే ఆ లెక్క. నంబరు తగ్గేకొద్దీ పప్పు లావు, ధర ఎక్కువ. ఒక పప్పు తీసి వేళ్లతో పుటుక్కున విరిచి, "తిని సూడండి బాబూ, మెత్తబడినట్టుంటే డబ్బులివ్వొద్దు" అంటాడు. దేనికోసమని అడుగుతాడు. పాయసంలోకి అంటే బద్దలు చాలు, గుళ్లు దండగ అని తనే చెప్పేస్తాడు. చూశారా? ఖరీదైన సరుకు కొనడానికి సిద్ధపడి వచ్చిన మనిషిని ఆపి, చవకది అంటగడుతున్నాడు. ఇలాంటి వ్యాపారాలతో జిల్లా పైకి రమ్మంటే ఎలా వస్తుంది?

అమెరికాలో ఈ జబ్బు లేదు. వాషింగ్టన్ రాష్ట్రంలో విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ అని ఒక కంపెనీ ఉంది. రిచర్డ్ గార్ఫీల్డ్ అనే లెక్కల పండితుడు తయారుచేసిన మ్యాజిక్: ద గ్యాదరింగ్ అనే కార్డుల ఆటని 1993 నుంచి అమ్ముతోంది. 1999లో బొమ్మల కంపెనీ హాస్‌బ్రో దీన్ని కొనేసింది. ఆట నిజంగా మంచిది, ఆ మాట చెప్పకపోతే పాపం తగులుతుంది. చదరంగానికి కావలసినంత బుర్ర, పేకాటకి కావలసినంత అదృష్టం రెండూ ఉండాలి. మా మేనల్లుడు ఇంజనీరింగ్ హాస్టల్లో దీన్ని అంటించుకున్నాడు. ఇప్పుడు శ్రీకాకుళంలో ఇంట్లోనే కూర్చుని బెంగళూరు ఉద్యోగం చేస్తూ, ఆ జీతంలో కొంత ఈ అట్టముక్కలకి ధారపోస్తున్నాడు. వాడి పక్కన కూర్చుని నేను చూసింది ఆటని కాదు, అమ్మే విద్యని.

మన పేక సంగతి మీకు తెలిసిందే. 52 ముక్కలు, పైన జోకర్లు. తాత పట్టిన ఇస్పేటు రాణి మనవడికీ చెల్లుతుంది. ఈ నెల కొత్త ఆసు విడుదలైందని, పాత ఆసు ఇక చెల్లదని ఎవరూ ప్రకటించరు. అందుకే శిబిరం మీద పోలీసులు పడ్డప్పుడు పట్టుబడ్డ నగదు ఎంతో పేపర్లో వేస్తారు గానీ ముక్కల విలువ ఎంతో వేయరు. ఆ ముక్కలకి విలువ తెప్పించినవాడే అసలు వ్యాపారి.

విద్యలో మొదటి పాఠం సీలు. కార్డుల్ని గ్రేడు చూసి విడివిడిగా అమ్మకుండా అన్నీ కలిపి రేకు కవర్లో పెట్టి మూసేస్తారు. దాని పేరు బూస్టర్. ఇప్పటి ప్లే బూస్టర్లో 14 కార్డులుంటాయి. అందులో ఒక 'రేర్', అంటే అరుదైన కార్డు, ఖాయం. మిగతావి ఇంట్లో అప్పటికే బీరువా నిండా ఉన్నవి. రేర్ సరిపోలేదని 2008లో 'మిథిక్ రేర్' అని దానిపైన ఇంకో అంతస్తు కట్టారు. ఆ అంతస్తూ ఇరుకైపోయి 2019లో 'కలెక్టర్ బూస్టర్' అని, మెరుపులన్నీ దాంట్లోనే కుక్కి, పెద్ద ధరకి ఇంకో ప్యాకెట్ పెట్టారు. మా మేనల్లుడు ఫోన్లో స్నేహితుడితో కలెక్టర్ బూస్టర్, కలెక్టర్ బూస్టర్ అంటుంటే మా అక్క వంటింట్లోంచి, "కలెక్టరు గారికి ప్యాకెట్లు ఎందుకురా పంపడం, మన పనేదైనా ఆగిందా?" అంది.

ఒకప్పుడు డ్రాఫ్ట్ బూస్టర్ అని చవకది, సెట్ బూస్టర్ అని కాస్త ప్రియమైనది ఉండేవి. రెండు రకాలుంటే అయోమయంగా ఉందన్నారు. కంపెనీ దయ తలిచి 2024లో రెండూ కలిపి ప్లే బూస్టర్ చేసింది. ధర మాత్రం రెండింటిలో ప్రియమైనదాన్నే ఉంచింది. అయోమయం తీరిపోయింది కదా, ఇంకేం కావాలి?

ఇప్పుడు నా ప్రతిపాదన. పలాస జీడిపప్పు బూస్టర్. రేకు ప్యాకెట్, పైన మెరిసే సూర్యుడి బొమ్మ, లోపల 14 పలుకులు. పది ముక్కలు, మూడు బద్దలు, ఒక గుండు ఖాయం. ఏ ప్యాకెట్లోనో ఒకదాంట్లో 180 నంబరు గుండు. పాయసం చేసుకోవాలంటే ఎన్ని ప్యాకెట్లు చింపాలో దేవుడికెరుక. చింపగా మిగిలిన ముక్కలు పక్కింటివాళ్లతో మార్చుకోవచ్చు. దాన్ని సమాజంలో స్నేహభావం పెంపొందించడం అని ప్రకటనలో రాసుకోవచ్చు.

రెండో పాఠం కొరత. మనకి కొరత అంటే 2018 అక్టోబర్లో వచ్చిన తితిలీ తుపాను. ఒక్క రాత్రిలో ఉద్దానంలో కొబ్బరి, జీడి చెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. మొక్క పెట్టి మళ్లీ కాపు చూడాలంటే ఏళ్లు పడుతుంది. ఇంత కష్టపడి కొరత తెచ్చుకునేవాళ్లు లోకంలో ఇంకెవరూ ఉండరు. ఆ కంపెనీకి తుపానుతో పని లేదు. అట్టా, సిరా, అచ్చుయంత్రం దగ్గరే ఉన్నాయి. ఇన్నే వేద్దాం అని మీటింగులో అనుకుంటే కొరత పుడుతుంది. 1996లో ఒక పట్టిక ప్రకటించి, ఇందులోని కార్డులు ఇక ఎప్పటికీ అచ్చువేయం అని ఒట్టు పెట్టుకున్నారు. ఆ పట్టిక ఇవాళ్టికీ అమల్లోనే ఉంది. మా మేనల్లుడి బాధల్లో సగం ఆ పట్టికలోనే ఉన్నాయి. సీక్రెట్ లెయిర్ అని నేరుగా వెబ్‌సైట్లో అమ్మే సరుకు కూడా ఉంది. మొదట్లో గడువులోపు ఎంతమంది అడిగితే అన్ని అచ్చువేసేవారు. అది మరీ రేషన్ షాపులా ఉందనుకున్నారో ఏమో, 2024 నుంచి ఇన్నే అని పరిమితి పెట్టారు. ఇక ఆడేవాళ్లు ఆఫీసు పని మానుకుని తెర ముందు క్యూలో నిలబడటం, క్యూ కదిలేసరికి సరుకు అయిపోవడం, అయిపోయిన పావుగంటకి అదే సరుకు ఇంకొకడి దగ్గర రెట్టింపు ధరకి కనిపించడం. వాడి దగ్గరికి ముందే ఎలా చేరిందని అడగకూడదు. అడిగితే అభిమానంలో లోపం ఉందంటారు.

మావాడు తెలివైనవాడు కాబట్టి ఈ క్యూల జోలికి పోకుండా ఒక ఆన్‌లైన్ దుకాణంలో నెలల ముందే డబ్బు కట్టేశాడు. విడుదల దగ్గరపడ్డాక స్టాకు రాలేదని ఆర్డరు రద్దు చేసి డబ్బు వెనక్కి వేశారు. మర్నాడు అదే దుకాణంలో అదే పెట్టె కొత్త ధరతో దర్శనమిచ్చింది. "పోన్లేరా, డబ్బు తిరిగొచ్చింది కదా" అన్నాను. వాడు నా వైపు చూసిన చూపుకి నేను మంచినీళ్ల నెపంతో లేచి వెళ్లిపోయాను.

కొరత పాఠానికి మకుటం 2022 నవంబర్. ఆటకి ముప్పై ఏళ్లని ఒక స్మారక పెట్టె పెట్టారు. నాలుగు ప్యాకెట్లు, ఒక్కోదాంట్లో 15 కార్డులు, వెరసి 60. ధర 999 డాలర్లు. ఏ కార్డులు వస్తాయో తెలియదు, అది మామూలే. విశేషం ఏమిటంటే ఆ కార్డులు పోటీల్లో చెల్లవు. ఆడుకోవడానికి పనికిరాని ఆటకార్డులు! మన డబ్బులో ఎనభై వేల పైమాటే. పలాస ప్రాంతంలో జీడి రైతులు 80 కిలోల పిక్కల బస్తాకి 16 వేలు ఇప్పించమని రోడ్డు మీద కూర్చున్న సంగతి పేపర్లలో చూసే ఉంటారు. ఆ ధరే గిట్టితే ఆరు బస్తాలు అమ్మి మన రైతు కూడా ఒక పెట్టె కొనుక్కోవచ్చు. 60 అట్టముక్కలు ఎండలో ఆరబెట్టక్కర్లేదు, బట్టీలో వేయించక్కర్లేదు, జీడి రసం చేతికి అంటి తోలు ఊడదు. దీన్ని చూసి మనమూ ఒక స్మారక జీడిపప్పు వేయాలి. తినకూడదు అని పైన స్పష్టంగా రాయాలి.

మూడో పాఠం తీరిక ఇవ్వకపోవడం. జీడిచెట్టు బద్ధకస్తురాలు. చలికాలం పోతూ పూస్తుంది, ఎండలు ముదిరాక పిక్క రాలుతుంది, మళ్లీ ఏడాది దాకా అడగొద్దంటుంది. కంపెనీ 2025లో ఆరు పెద్ద సెట్లు, అంటే కొత్త కార్డుల విడతలు, దించింది. ఒక సెట్టు ప్యాకెట్లు చింపుతుండగానే వచ్చే సెట్టు కార్డులు రోజుకిన్ని చొప్పున చూపించడం మొదలుపెడతారు. అంటే చేతిలో ఉన్న కార్డు చేతికొచ్చిన రోజునే పాతదైపోతుంది. ఆ ఆరింటిలో సగం వాళ్ల సొంత కథలు కూడా కాదు. స్పైడర్‌మాన్ వచ్చి రాక్షసుల మధ్య కూర్చున్నాడు. ఈ లెక్కన మన బూస్టర్లో భీమాలి మామిడితాండ్ర పేలిక, ఆత్రేయపురం పూతరేకు ముక్క వేసి 'విశ్వాంతర జీడిపప్పు' అని అమ్మొచ్చు. కాకినాడ కాజా హక్కుల మీద చర్చలు జరుగుతున్నాయని పుకారు వదిలితే చాలు, ముందస్తు ఆర్డర్లు వాటంతటవే వస్తాయి.

ఇందులో నాకు ఇప్పటికీ బోధపడని గొప్పతనం ఒకటుంది. వీళ్ల సరుకు ఒకేసారి దొరకనిదీ, మితిమీరినదీ. కావలసింది దొరకదు, అక్కర్లేనిది ఎక్కడ చూసినా ఉంటుంది. సరిగ్గా ఆ 2022 నవంబర్లోనే బ్యాంక్ ఆఫ్ అమెరికా విశ్లేషకులు, కార్డులు అతిగా అచ్చువేసి బంగారు బాతుని కోస్తున్నారన్న ధోరణిలో హాస్‌బ్రో షేరు రేటింగు తగ్గించారు. ఆ ఏడాదే ఈ ఆట రాబడి వంద కోట్ల డాలర్లు దాటింది. తిట్టు, లాభం ఒకే ఏడాదిలో రెండూ కొట్టేయడం మన జిల్లాలో రాజకీయ నాయకులకి తప్ప ఎవరికీ చేతకాలేదు.

పోకిమాన్ కార్డుల వాళ్లు కూడా తక్కువేం తినలేదు. 2021 మేలో అమెరికాలో ఒక టార్గెట్ దుకాణం బయట క్రీడాకారుల బొమ్మల కార్డుల కోసం కొట్లాట జరిగి తుపాకీ దాకా వెళ్లింది. దాంతో కొన్నాళ్లు టార్గెట్ దుకాణాల్లో పోకిమాన్ కార్డుల అమ్మకం కూడా ఆపేశారు. మా వీధి ఫ్యాన్సీ షాపులో మాత్రం ఏ గొడవా లేదు. అక్కడ దొరికే పోకిమాన్ ప్యాకెట్ విప్పితే ప్రతి కార్డూ బంగారు రంగే. నకిలీ అని చూడగానే తెలుస్తుంది. పిల్లలు పండగ చేసుకుంటున్నారు. అసలు కంపెనీ ఇవ్వని తృప్తిని నకిలీవాడు అంత చవగ్గా ఇస్తున్నాడంటే వాడికి వ్యాపారం రాదన్నమాట.

ప్రతిపాదన కాగితం మీద పెట్టుకుని కాశీబుగ్గ వెళ్లి ఆ షావుకారుకే వివరించాను. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"ఏటి బాబూ, ఇప్పకుండానే కొంతారా?"

"విప్పకుండానే."

"ఇప్పినాక నూక ఎల్లిందనుకోండి. మా కొట్టు ముందుకొచ్చి తగువాడరా?"

"తగువాడరు. ఇంకో ప్యాకెట్ కొంటారు."

"ఆలు సదువుకున్నోలేనా?"

"ఎక్కువమంది ఇంజనీర్లు."

ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. నేను ఊపందుకుని, 2023లో ఆ కంపెనీ లోకం మొత్తానికి ఒకే ఒక్క ప్రతి అచ్చువేసిన కార్డు గురించి చెప్పాను. ఏ ప్యాకెట్లో ఉందో తెలియక జనం పెట్టెలకి పెట్టెలు చింపారు. చివరికి కెనడాలో ఒకతనికి దొరికితే, పోస్ట్ మలోన్ అనే గాయకుడు దాన్ని రెండు మిలియన్ డాలర్లకి కొన్నాడని వార్తలొచ్చాయి. మనమూ ఏడాదికి ఒక పప్పుకి బంగారు పూత పూసి ఏదో ఒక ప్యాకెట్లో వేద్దాం అన్నాను. బంగారం అనేసరికి ఆయనకి కాస్త చురుకు వచ్చింది. లోపల గ్రేడింగ్ బల్ల దగ్గర కూర్చున్న ఆవిడని పిలిచాడు.

ఆవిడ చేతిలో పని ఆపలేదు. ముందు పోసిన పప్పు కుప్పలోంచి గుళ్లు ఒక పక్కకి, బద్దలు ఒక పక్కకి, మచ్చ పడ్డవి ఇంకో పక్కకి తోసేస్తూనే మొత్తం వింది. 210కీ 240కీ తేడా నా కళ్లజోడుకి కనబడదు, ఆవిడ వేలికి తెలుస్తోంది. అంతా విని ఒకే మాట అడిగింది.

"ఏరినందుకు కిలోకింత అని ఇస్తన్నారు. ఏరినవన్నీ మల్లీ కలపడానికి కూలెంత?"

నా ప్రతిపాదనలో ఆ ఖర్చు లేదు. షావుకారు గల్లాపెట్టెలోంచి క్యాలిక్యులేటర్ తీసి, కిలోకి ఎంత అడుగుతావో నువ్వే చెప్పమని ఆవిడతో బేరానికి దిగాడు.