జామాకు టీ: తాగే వేళే తప్పు

షుగర్ ఉన్నవాళ్ల వంటింట్లో మెంతులు, కాకర రసం పక్కన ఇప్పుడు జామాకు కూడా చేరింది. ఎండిన ఆకుల ప్యాకెట్లు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. వీడియోల్లో చెప్పే పద్ధతి దాదాపు ఒకటే: పొద్దున్నే పరగడుపున ఓ కప్పు తాగండి, కొన్నాళ్లకు మాత్రల అవసరమే ఉండదు. ఆకులో పస లేదని అనలేం. కానీ అది ఎక్కడ, ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఈ పరగడుపు సలహాకు అర్థమే ఉండదు.

జామాకును షుగర్‌తో ముడిపెట్టింది మన అమ్మమ్మలు కాదు. వాళ్లు విరేచనాలు పట్టుకుంటే లేత చిగుళ్లు నమిలించేవారు, పంటి నొప్పికి కషాయం పుక్కిలించమనేవారు. ఇదంతా మన ప్రాచీన రహస్యం అనేవాళ్లకు ఇంకో మాట: జామ పుట్టిల్లు అమెరికా ఖండం, మన దేశానికి తెచ్చింది పోర్చుగీసువాళ్లు. షుగర్ సంగతిని పట్టుకున్నది జపాన్. యాకుల్ట్ కంపెనీ తయారుచేసిన జామాకు టీకి అక్కడి ప్రభుత్వం 2000లో ఆరోగ్యానికి ఉపకరించే ప్రత్యేక ఆహారంగా అనుమతి ఇచ్చింది. అందుకు ఆధారంగా నిలిచిన పరిశోధనల్లో చాలావరకు ఆ కంపెనీవే, అదీ గుర్తుంచుకోవాలి.

ఆ పరిశోధనల్లో తేలింది చాలా పరిమితమైన విషయం. మనం తిన్న అన్నంలోని పిండిపదార్థాన్ని పేగుల్లో కొన్ని ఎంజైములు ముక్కలు చేసి గ్లూకోజుగా మారుస్తాయి. జామాకులోని పాలీఫినాల్స్ అనే సహజ పదార్థాలు ఆ ఎంజైములకు కొంత అడ్డుపడతాయి. దాంతో అన్నం తిన్నాక రక్తంలో షుగర్ ఎగబాకడం కాస్త నెమ్మదిస్తుంది. తెల్లన్నం తినేవాళ్లకు తిండితో పాటు ఈ టీ ఇచ్చి చూస్తే, వేడినీళ్లు తాగినప్పటికంటే షుగర్ తక్కువగా పెరిగింది. అంతే. ఎంజైముకు అడ్డుపడాలంటే ఆ సమయానికి పేగులో అన్నం ఉండాలి కదా! ఖాళీ కడుపుతో ఆరింటికి తాగిన కషాయం ఒంటిగంటకు తినే అన్నాన్ని ఏం ఆపుతుంది?

షుగర్‌కు డాక్టర్లు రాసే వోగ్లిబోస్ మాత్ర పనిచేసేదీ ఈ దారిలోనే. అందుకే దాన్ని భోజనానికి కూర్చునే ముందే వేసుకోమంటారు. ఆ మాత్రలో మందు ఎంతుందో స్ట్రిప్ మీద రాసి ఉంటుంది. మన గిన్నెలో మరిగే గుప్పెడు ఆకుల్లో ఎంతుందో ఎవరికి తెలుసు? లేతదా, ముదురుదా, ఏ రకం, ఎంతసేపు మరిగింది అన్నదాన్ని బట్టి మారిపోతుంది. రంగు ముదురుగా, వగరు గట్టిగా ఉంటే మందు ఎక్కువనుకోవడం మన నమ్మకం మాత్రమే.

షుగర్ నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వడం 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నేరం. కాబట్టి ప్యాకెట్ మీద ‘ఇమ్యూనిటీ’, ‘డీటాక్స్’ లాంటి గాలి మాటలు రాస్తే సరిపోతుంది, అసలు ప్రచారం వీడియోలు చూసుకుంటాయి. జపాన్‌లో డబ్బా మీద చిన్న మాట, కచ్చితమైన మాట. ఇక్కడ రాసేది ఒకటి, చెప్పేది ఇంకొకటి. దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉందని 2023లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం తేల్చింది. ఆ ప్రచారానికి ఇంతకంటే పెద్ద మార్కెట్ ఎక్కడ దొరుకుతుంది?

ఆకు ఎక్కడి నుంచి వస్తోందన్నది నాకు అన్నిటికంటే పెద్ద టెన్షన్. మన దగ్గర తైవాన్ పింక్ రకం జామ తోటలు బాగా పెరిగాయి. పండు ఈగ తగలకుండా, మచ్చ పడకుండా ఒక్కో కాయకూ ఫోమ్ తొడుగు, దానిపైన ప్లాస్టిక్ కవరు వేస్తారు. ఆ తర్వాత కొట్టే పురుగుమందు కాయ మీద పెద్దగా పడదు, ఆకు మీదే పడుతుంది. కోతకు ఎన్ని రోజుల ముందు పిచికారీ ఆపాలన్న లెక్క కూడా కాయను చూసి వేసుకున్నదే. కత్తిరింపుల్లో కుప్పలుగా వచ్చే కొమ్మల ఆకును ఎండబెట్టి అమ్మితే రైతుకు నాలుగు రూపాయలు వస్తాయన్న ఆలోచన మంచిదే. అయితే దానికి మందు కొట్టని చెట్లు వేరుగా ఉండాలి.

ఇంట్లో జామచెట్టు ఉంటే ఆ బాధ లేదు. ఆకు తిరగేసి చూడండి. అడుగున ఈనెలు ఉబ్బెత్తుగా ఉంటాయి, దుమ్మంతా వాటి పక్కనే పట్టి ఉంటుంది. చిగుళ్ల దగ్గర పిండినల్లి తెల్లగా దూదిలా అంటుకుంటుంది. దాన్ని వదిలేసి, మిగతా ఆకు రెండుసార్లు కడిగి, గాలి ఆడే నీడలో పరవాలి. ఈనె వంచితే పుటుక్కున విరిగే దాకా ఆరనివ్వాలి, తడి మిగిలితే డబ్బాలో బూజు పడుతుంది.

తాగాలనుకునేవాళ్లు భోజనంతోనే తాగండి, చక్కెర, బెల్లం కలపకుండా. మాత్రలు మాత్రం మానొద్దు. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు ముందుగా డాక్టరుకు ఒక మాట చెప్పాలి. గర్భిణులు దీని జోలికి పోకపోవడమే మేలు. పని చేస్తోందా అని అనుమానం ఉంటే ఇంట్లో గ్లూకోమీటర్ ఉందిగా! ఒకరోజు అన్నంతో వేడినీళ్లు, ఇంకోరోజు అదే కొలత అన్నం, అదే కూరతో జామాకు టీ. రెండు రోజులూ తిన్న రెండు గంటలకు రీడింగ్ రాసుకోండి. ఒక్కసారి చూసి తేల్చేయకుండా ఇలా నాలుగైదు సార్లు చేసి, ఆ కాగితం తర్వాతి చెకప్‌కు పట్టుకెళ్లండి.