మా తోడల్లుడి రెండో ట్యాబు

టెక్సస్‌లో, డాలస్‌కు ఉత్తరాన ఉన్న ఫ్రిస్కోలో మనవాళ్ళు ఇల్లు కొనరు. హైస్కూలు కొంటారు, దాంతోపాటు ఇల్లు వస్తుంది. ఇల్లు ఏ స్కూలు జోన్లో ఉంటే పిల్లలకు ఆ స్కూలే మరి. పడగ్గదులు, వంటిల్లు, పెరడు అన్నీ తర్వాత. తూర్పు గుమ్మం లేకపోయినా ఎలాగో సర్దుకుంటారు గానీ, ఇళ్ళ వెబ్‌సైట్లో హైస్కూలు పక్కన పదికి తొమ్మిది రేటింగ్ కనిపించకపోతే కారు కూడా దిగరు.

2003 దాకా ఫ్రిస్కో ఐఎస్‌డీకి, అంటే అక్కడి బడులు నడిపే స్కూలు జిల్లాకి, ఉన్నది ఒకటే హైస్కూలు. అప్పట్లో జనం రాత్రిళ్ళు హాయిగా నిద్రపోయేవారట. 2022లో పాంథర్ క్రీక్ హైస్కూలు తెరిచేసరికి లెక్క పన్నెండుకు చేరింది. పక్కనే ఉన్న అలెన్‌లో మొత్తానికి ఒకటే హైస్కూలు, అందులో ఐదు వేలకు అటూఇటూగా పిల్లలు. పోల్చుకోవడానికి ఇంకోటి లేదు కాబట్టి అలెన్‌వాళ్ళు పార్టీల్లో వాతావరణం గురించి మాట్లాడుకుంటారు. ఫ్రిస్కోవాళ్ళకు ఆ అదృష్టం లేదు.

మా తోడల్లుడు పుట్టిపెరిగిందే ర్యాంకుల మధ్య. టీవీలో "ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు" అని కాలేజీలు గుక్క తిప్పుకోకుండా అరిచే ప్రకటనలు వింటూ అన్నం తిన్న మనిషి. ఆయన పన్నెండు హైస్కూళ్ళకూ ఎక్సెల్ షీటు తెరిచాడు. కాలేజీ ప్రవేశానికి రాసే ఎస్‌ఏటీ పరీక్ష సగటు, ఏపీ క్లాసులు (ఆంధ్రప్రదేశ్ కాదు, హైస్కూల్లోనే చదివే కాలేజీస్థాయి పాఠాలు), రోబోటిక్స్, ఇంటి నుంచి దూరం, దారిలో సిగ్నళ్ళు, అన్నిటికీ తలో గడి. తీరా నింపి చూస్తే గడులన్నీ ఇంచుమించు ఒకేలా ఉన్నాయి. ఉండవా మరి? అందరిదీ ఒకే బోర్డు, ఒకే సిలబస్. ఒక్కో స్కూలూ సుమారు 2,100 మందికి సరిపడా కట్టిందే. వృత్తి కోర్సుల సీటీఈ సెంటరు పన్నెండింటికీ కలిపి ఒకటే. ఫుట్‌బాల్ మ్యాచ్‌లు కూడా ఉమ్మడి స్టేడియాల్లోనే. అందులో ఒకటి డాలస్ కౌబాయ్స్ అనే ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ జట్టు ప్రాక్టీసు చేసుకునే ఫోర్డ్ సెంటర్, పైకప్పు కింద 12,000 సీట్లు. మా ఇంటర్‌లో గ్రౌండు అంటే సైకిల్ స్టాండు. ఆ లెక్కన ఈ పన్నెండూ నాకు మయసభలే.

తేడా తేలింది మస్కట్‌ల దగ్గర, అంటే స్కూలు గుర్తుగా పెట్టుకునే బొమ్మల దగ్గర మాత్రమే. ఒక స్కూలుకు సింహం, ఒకదానికి చిరుత, అన్నిటికంటే పాతదైన ఫ్రిస్కో హైకి రకూన్. మా వదిన ఫోటో చూసి, "ఇది రాత్రిళ్ళు మన చెత్తడబ్బా తిరగేసేదే కదండీ? దీని బొమ్మ చొక్కా మీద వేసుకుని మన అబ్బాయి ఊరంతా తిరగాలా?" అంది. ఆ వరుస ఎర్రరంగు పులుముకుంది.

ఇంటి వేట దగ్గర ఇంకో తిరకాసు. అడ్రసులో ఫ్రిస్కో అని ఉంటే చాలదు. ఊళ్ళో కొన్ని వీధులు ప్రాస్పర్ స్కూలు జిల్లాకో, లిటిల్ ఎల్మ్‌కో, లూయిస్‌విల్‌కో పోతాయి. ప్లేనో, మకిన్నీ అడ్రసులున్న కొన్ని ఇళ్ళు మాత్రం ఫ్రిస్కో ఐఎస్‌డీలోకి వస్తాయి. పైగా కొత్త స్కూలు కడితే జోన్ల గీతలు మారతాయి. మా తోడల్లుడు అందుకూ ఒక గడి పెట్టాడు: "గీత కదిలే ప్రమాదం."

అసలు కథ తెల్లవారుజామున ఎవరో ఫోన్ చేసి చెప్పిన ఒక సంగతితో మొదలైంది. టెక్సస్‌లో 1997 నుంచి ఒక చట్టం ఉంది. ప్రతి హైస్కూల్లో మొదటి పది శాతం పిల్లలకు రాష్ట్ర యూనివర్సిటీల్లో నేరుగా సీటు. ఆస్టిన్‌లోని యూటీకి (టెక్సస్ యూనివర్సిటీకి) తాకిడి ఎక్కువై, అక్కడ మాత్రం ఆ పది ఆరైంది, 2026లో చేరేవాళ్ళకు ఐదైంది. ఆ ర్యాంకు రాష్ట్రమంతటికీ కలిపి కాదు, ఎవరి స్కూల్లో వాళ్ళకే. క్లాసులో ఐదొందల మంది ఉంటే పాతికమందికి. అంటే ఎంత గొప్ప స్కూలు జోన్లో ఇల్లు కొంటే ఆ పాతికలో చోటు అంత కష్టం. (సీటు ఖాయమే గానీ అందులో కంప్యూటర్ సైన్స్ ఖాయం కాదు. ఈ సంగతి ఆయనకు చెప్పే ధైర్యం ఇంతవరకూ ఎవరికీ రాలేదు.)

ఆ పూటే షీటులో రెండో ట్యాబు పుట్టింది. పేరు "పోటీదారులు". ఆ ట్యాబు సంగతి ఆయనకూ, ల్యాప్‌టాప్ అరువడిగే వాళ్ళబ్బాయికీ తప్ప ఎవరికీ తెలియదు.

మొన్న వాళ్ళింట్లో సత్యనారాయణ వ్రతం. ప్రసాదాలయ్యాక, పులిహోర ప్లేట్లతో అందరూ హాల్లో చేరాక, ఎవరో "ఏ జోన్ చూస్తున్నారు అన్నయ్యగారూ?" అని అడిగారు. అడగడమే ఆలస్యం, షీటు గోడంత టీవీ మీదికెక్కింది. "అబ్బో", "ఎంత ఓపికండీ" అంటూ మెచ్చుకోళ్ళు. ఆ ఊపులో ఆయన, "కిందకి జరుపుతూ ఉండరా" అని మౌస్ కొడుకు చేతికిచ్చి, మజ్జిగ తేవడానికి లోపలికెళ్ళాడు. వాడు జరిపాడు. కిందకి కాదు, పక్కకి.

హాల్లో ఉన్నవాళ్ళ పిల్లలందరూ టీవీ మీద ప్రత్యక్షమయ్యారు. పేరు, క్లాసు, చూస్తున్న జోను, వ్యాఖ్య. "లెక్కలు గట్టి. ప్రమాదం." "తల్లే ఇంట్లో కోచింగ్. చాలా ప్రమాదం." "వయొలిన్ పిచ్చి. పర్వాలేదు." "భయం లేదు."

గదిలో పులిహోర నమిలే చప్పుడు కూడా ఆగిపోయింది. మజ్జిగ గ్లాసులతో వచ్చిన మా తోడల్లుడు ట్రేతో సహా గుమ్మంలో బిగుసుకుపోయాడు. ఇక తిట్లే అనుకున్నాను. కానీ "చాలా ప్రమాదం" తాలూకు తండ్రి ఫోన్ తీసి, టీవీని ఫోటో కొట్టి ఇండియాలో ఉన్న మామగారికి పంపాడు. లేచి నిలబడింది "భయం లేదు" వాళ్ళమ్మ.

"ఏమండీ, మావాడంటే భయం లేదా మీకు? పోయిన సెమిస్టర్ నుంచి రెండు ఏపీలు తీసుకుంటున్నాడు. ఆ గడి మార్చండి ముందు."

"అదికాదమ్మా, అది పాత డేటా..."

"మరి మావాడికి 'పర్వాలేదు' ఏంటి అన్నయ్యగారూ?" అంది వయొలిన్ తల్లి. "స్టేట్ లెవెల్లో వాయిస్తాడు. అది కాలేజీలకు ఎంత ప్రమాదమో తెలుసా మీకు?"

గొడవ సద్దుమణగడానికి ఒకటే దారి దొరికింది. షీటు లింకు వాట్సాప్ గ్రూపులో పెట్టి, ఎవరి వరుస వాళ్ళు దిద్దుకోవచ్చన్నాడాయన. పొద్దున నేను తెరిచి చూస్తే ఫ్రిస్కోలో తెలుగుపిల్లలందరూ "చాలా ప్రమాదం" అయి కూర్చున్నారు. అట్టడుగున ఎవరో కొత్తగా చేర్చిన వరుస ఒకటి కనిపించింది. పేరు మా తోడల్లుడి కొడుకుది. వ్యాఖ్య: "భయం లేదు."