అమెరికా వారి డ్రగ్స్ సర్టిఫికెట్‌కు హనుమకొండ నుంచి ఒక లేఖ

మహారాజరాజశ్రీ సర్టిఫికెట్ గారికి, హనుమకొండ నుంచి నమస్కరించి రాయునది ఏమనగా,

ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీరు, మీ అధ్యక్షుల వారు, ఆయన సంతకం పెట్టే లావుపాటి పెన్ను క్షేమమని తలుస్తాను. ఏటా సెప్టెంబరు నడిమికి మీరు బయటికొచ్చి, ఏ దేశం మత్తుమందుల మీద నిజంగా కొట్లాడింది, ఏది కొట్లాడినట్టు నటించింది అని తేల్చి చెబుతారు. 2025 జాబితాలో 23 దేశాల పేర్లున్నాయి. అందులో మా ఇండియా కూడా ఉంది. అఫ్గానిస్తాన్, బొలీవియా, బర్మా, కొలంబియా, వెనెజువెలా మాత్రం ఫెయిల్. మేం పాసేనట, కానీ పేరు బోర్డు మీద ఉండాల్సిందేనట. మీ సొంత దేశం పేరు ఎంత వెతికినా దొరకలేదు. 1986లో మిమ్మల్ని పుట్టించిన చట్టం పరాయి దేశాల గురించే మాట్లాడుతుందని తర్వాత తెలిసింది. ప్రపంచంలో ఎక్కువ సరుకు కొనే ఇల్లు, అమ్మే ఇళ్లకు మార్కులు వేయడం అన్నమాట. కానివ్వండి.

ఫెయిలైతే ఏమవుతుందో కొలంబియాను అడగాలి. మీ సాయంలో కోత, ప్రపంచ బ్యాంకు లాంటి చోట అప్పుకు పోతే మీ ఓటు వ్యతిరేకం. 1996లో ఒకసారి, 1997లో ఇంకోసారి ఆ దేశాన్ని ఫెయిల్ చేశారు. మధ్యలో వాళ్ల అధ్యక్షుడు ఎర్నెస్టో సాంపెర్ వీసా కూడా పీకేశారు. కాలీ కార్టెల్ అనే డ్రగ్స్ ముఠా డబ్బు ఆయన ఎన్నికల ప్రచారంలోకి వచ్చింది, ఆయన నాకేం తెలియదన్నాడు. సరే, ఆయన్ను వెనకేసుకొచ్చే పని నాకు లేదు. కానీ అదే 1997 ఫిబ్రవరిలో మెక్సికోలో ఏం జరిగింది? ఆ దేశపు డ్రగ్స్ నిరోధక విభాగానికి పెద్ద దిక్కు, జనరల్ గుటియెరెస్ రెబోయో, కార్టెల్ నాయకుడు అమాదో కారియో దగ్గర జీతం తీసుకుంటున్నాడని బయటపడి అరెస్టయ్యాడు. కొద్ది వారాల ముందే మీ డ్రగ్స్ వ్యవహారాల పెద్ద ఆయన్ను నిజాయితీకి మారుపేరని పొగిడి ఉన్నాడు. అరెస్టు సంగతి లోకానికి తెలిసి పట్టుమని రెండు వారాలు కాకముందే మెక్సికోకు పాస్, కొలంబియాకు ఫెయిల్. మెక్సికోతో వ్యాపారం పెద్దది మరి. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ.

ఇక గడ్డిమందు ముచ్చట. 2000లో ప్లాన్ కొలంబియా అనే మీ డ్రగ్స్ నిర్మూలన పథకం మొదలైన తర్వాత మీ డబ్బుతో, కొకైన్ తీసే కోకా తోటల మీద విమానాల నుంచి గ్లైఫోసేట్ కొట్టించారు. మా వరంగల్ రైతుకు ఆ పేరు కొత్తగా చెప్పక్కర్లేదు. పొద్దున్నే గాలి లేని వేళ చూసుకుని, నాజిల్‌కు హుడ్డు బిగించి, నేలకు ఆనించినట్టు కొడతారు దాన్ని. గాలివాటుకు నాలుగు చుక్కలు పక్కచేను మిర్చి మీద పడితే వారంలో ఆకు పండిపోతుంది, ఆ తర్వాత పెద్దమనుషుల ముందు పంచాయితీ. మీరు అదే మందును ఆకాశం నుంచి కొట్టించారు. కోకాతో పాటు అరటి, మొక్కజొన్న కూడా మాడిపోయాయని అక్కడి రైతులు మొత్తుకున్నారు. గాలికి సరిహద్దు రాయి కనపడదు కదా, మందు తమ పొలాల మీద పడిందని పక్క దేశం ఈక్వడార్ 2008లో కొలంబియాను హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికి ఈడ్చింది. 2013లో కొలంబియా కోటిన్నర డాలర్లు ఇచ్చి రాజీ చేసుకుంది. పట్టు మీది, పైసలు మీవి, పరిహారం మాత్రం కొలంబియాది. మా ఊరి పెద్దమనుషులైతే ఇట్లాంటి తీర్పు చెప్పి ఊళ్లో తిరగలేరు.

మా కాజీపేట జంక్షన్ సంగతి కూడా వినండి. ఒడిశా మల్కన్‌గిరి వైపు నుంచి భద్రాచలం మీదుగా గంజాయి వస్తుంది, ఇక్కడ రైలెక్కి మహారాష్ట్ర వైపు పోతుంది. దొరికినప్పుడు పేపర్లో ఫోటో వేస్తారు. టేబుల్ మీద బ్రౌన్ టేపు చుట్టిన పొట్లాలు, కుర్చీల్లో సార్లు, వెనకాల ముఖానికి గుడ్డ కట్టుకుని నిలబడ్డ ఇద్దరు బక్క పిలగాండ్లు. సరుకు అసలు యజమాని ఆ ఫోటోలో ఎన్నడూ కనపడడు. అయినా ఆ పిలగాండ్ల ముందే తూకం వేస్తారు, పంచనామా రాస్తారు, ల్యాబుకు శాంపిల్ పంపుతారు. 20 కిలోలు దాటితే పదేళ్లకు తగ్గకుండా శిక్ష కాబట్టి లాయరు ఒక్కో కాగితం పట్టి చూస్తాడు. 2025 సెప్టెంబరు నుంచి మీ సైన్యం కరీబియన్ సముద్రంలో పడవలను పేల్చేస్తోంది. మొదటి దెబ్బకే 11 మంది పోయారని మీరే చెప్పారు. పంచనామా లేదు, తూకం లేదు. శాంపిల్ చేపలకు పోయింది.

మా పోలీసులు ఒడిశా పోయి ఒకణ్ని పట్టుకోవాలంటే అక్కడి ఠాణాలో చెప్పాలి, అక్కడి మేజిస్ట్రేటు ముందు నిలబెట్టి ట్రాన్సిట్ వారెంట్ తీసుకోవాలి. అదీ ఒకే దేశంలో! మీ డ్రగ్స్ నిరోధక సంస్థ డీఈఏ ఏజెంటు కమరేనాను 1985లో మెక్సికోలోని గ్వాడలహారాలో డ్రగ్స్ ముఠా వాళ్లు చిత్రహింసలు పెట్టి చంపారు. ఘోరం, అందులో రెండో మాట లేదు. కానీ అందులో చెయ్యుందని 1990లో మీరు ఒక మెక్సికో డాక్టరును ఆయన క్లినిక్కులోంచే ఎత్తుకుపోయారు. కిడ్నాప్ చేసి తెచ్చినా విచారణ జరపొచ్చని 1992లో మీ సుప్రీంకోర్టు సెలవిచ్చింది. అదే ఏడాది చివర్లో, సాక్ష్యాలు చాలవని మీ జడ్జి గారే ఆయన్ను వదిలేశాడు. ట్రాన్సిట్ వారెంట్ మీకు కొంచెం అరువిద్దామా?

బ్యాంకు బాబుల దగ్గర మాత్రం మీరు ఎంత మర్యాదస్తులో! 2012లో హెచ్‌ఎస్‌బీసీ ద్వారా కనీసం 88 కోట్ల డాలర్ల కార్టెల్ సొమ్ము తెల్లబడిందని మీరే తేల్చారు. మెక్సికో బ్రాంచీల్లో కౌంటరు కిటికీ కొలతకు సరిగ్గా సరిపోయేలా డబ్బాలు చేయించుకుని మరీ నోట్లు తెచ్చి కట్టేవాళ్లట. 190 కోట్ల డాలర్లు కట్టించుకుని కేసు పక్కన పెట్టారు. ఒక్కరూ జైలుకు పోలేదు. తుపాకుల సంగతీ అంతే. కార్టెళ్ల చేతుల్లో దొరికే తుపాకుల్లో ఎక్కువ భాగం మీ దుకాణాలవేనని మెక్సికో కోర్టుకెక్కితే, 2025 జూన్‌లో మీ సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా కొట్టేసింది.

ఇదంతా చదివి మా వాళ్లు కొందరు చప్పట్లు కొట్టేస్తారు, సార్వభౌమాధికారం జిందాబాద్ అంటారు. ఆగమంటాను. 2020 అక్టోబరులో మెక్సికో మాజీ రక్షణ మంత్రి, జనరల్ సియెన్‌ఫ్యూగోస్‌ను డ్రగ్స్ కేసులో మీవాళ్లు లాస్ ఏంజెలెస్ విమానాశ్రయంలో పట్టుకున్నారు. మా గౌరవం ఏం కావాలని మెక్సికో కస్సుమంది, నెల తిరిగేసరికి మీరు వెనక్కి పంపారు. 2021 జనవరిలో వాళ్ల ప్రాసిక్యూటర్లు కేసే లేదు పొమ్మన్నారు. అంత పెద్ద జెండా కింద ఒక్క జనరల్‌కే నీడ దొరికింది. జనరల్ కాని వాళ్ల దగ్గరికి వచ్చేసరికి ఆ జెండా కొంచెం ముడుచుకుంటుంది. ఇప్పటి అధ్యక్షురాలు షేన్‌బామ్ సహకరిస్తాం గానీ లొంగమంటూనే, మీ సుంకాల గడువు నెత్తి మీదుండగా 2025 ఫిబ్రవరిలో 29 మంది కార్టెల్ మనుషుల్ని, ఆగస్టులో ఇంకో 26 మందిని మీకు అప్పగించింది. మా దగ్గరా అంతా సాధుపుంగవులే అనుకోకండి. నిజామాబాద్, కామారెడ్డి వైపు కల్లులో ఆల్ప్రాజోలం కలిపేది ఏ విదేశీ కుట్రదారుడూ కాదు, మనోళ్లే.

గంజాయి దగ్గర మాత్రం నాకు నిజంగానే కడుపు మండుతుంది. సంప్రదాయంగా వాడేవాళ్ల చేత కూడా 25 ఏళ్లలో మాన్పించాలని 1961లో న్యూయార్క్‌లో రాసిన ఐక్యరాజ్యసమితి మత్తుమందుల ఒప్పందంలో ఉంది. అప్పట్లో గంజాయి మీద పట్టుబట్టిన వాళ్లలో ముందున్నది మీవాళ్లే. భంగు ఆకును మావాళ్లు ఎట్లాగో తప్పించుకుని, 1985లో మత్తుమందుల మీద ఎన్‌డీపీఎస్ చట్టం చేసుకున్నారు. మేం చెప్పినట్టు విన్నాం. ఇప్పుడు మీ 24 రాష్ట్రాల్లో పెద్దవాళ్లు సరదాకు గంజాయి వాడడం ఆ రాష్ట్రాల చట్టం ప్రకారం తప్పు కాదు. కొలరాడోలో 2014 నుంచి దుకాణాలే ఉన్నాయి, బిల్లు ఇస్తారు, పన్ను కడతారు. ఇక్కడ టేపు చుట్టిన సంచి మోసిన పిలగాడు జైల్లో ఉంటాడు.

సెప్టెంబరు మళ్లీ వస్తుంది. ఈసారి జాబితాలో కొనేవాళ్లకూ, డబ్బు దాచేవాళ్లకూ, తుపాకీ అమ్మేవాళ్లకూ ఒక్కో గడి గీయించండి. మా పేరు తీయకపోయినా ఫర్వాలేదు.

ఇట్లు,
హనుమకొండ వాస్తవ్యుడు

తా.క.: పేరు రాసి సంతకం పెట్టేవాణ్నే. మా మేనల్లుడి వీసా ఇంటర్వ్యూ ఉంది, వాడు చిలుకూరు బాలాజీ గుళ్లో 11 ప్రదక్షిణలు చేసి వచ్చాడు. స్టాంపింగ్ అయిపోయి, ఆ 108 కూడా పూర్తి చేసి, వాడు విమానం ఎక్కాక సంతకం పెట్టిన కాపీ రిజిస్టర్డ్ పోస్టులో పంపుతాను.